గీత గీయని మాట

ఎనుమాముల యార్డుల మిర్చి ఘాటుకు
తుమ్ముకుంట వచ్చిండు యాకయ్య,
చంకల నా నవల.
నలభై ఏండ్లు బస్తాలు మోసినోని చేతికి
రెండు వందల పేజీలు ఎందుకో బరువైనయి.
రిటైరైనా పొద్దుగాల నేను వచ్చి కూసునే
సిమెంటు బెంచి మీద దాన్ని పరిచిండు.

"కాంటా సారూ, డెబ్బై మూడో పేజీల
వీరమల్లు సేటు అంటడు సూడు:
'పత్తి ఏసెటోనికి లెక్కలొస్తే
మా గల్లపెట్టెకు తాళమెందుకు' అని.
గా మాట నీదేనా?"

కాదన్న. గది సేటు మాట.
ఆ మాట కింద ఎర్రపెన్సిలు గీత ఉన్నది,
అట్ట మీద నా పేరు కింద ఇంకోటి.

చౌరస్తల చాయ్ హోటల్ల గిట్లనే అడిగిన్రు.
"ఇన్నేండ్లు మాతోనే తిరిగి
లోపల గింత విషం దాసుకున్నవా?"
విత్తనాల దుకాణమాయన నమస్తే బందు వెట్టిండు.
కొత్తవాడల జంపఖానాలు నేసే మా బావ మాత్రం
"అరె, మగ్గం మీద పులిని నేస్తే
నేను కరుస్తనా?" అని నవ్విండు.
మస్తు దినాలు ఆ మాటే
అందరికి చెప్పుకుంట తిరిగిన.

అయితే ఒకటి.
హన్మకొండ లైబ్రరీల శాలువ కప్పిన నాడు
నా ఓదమ్మ మాట మైకుల చదివిన్రు:
"కాంటా వంగినా మనిషి వంగద్దు బిడ్డా."
మీ గుండెలకెల్లి వచ్చిన మాట సార్, అన్నరు.
నేను చేతులు జోడించిన.
గది ఓదమ్మ మాట, నాది కాదని
ఒక్కపాలి కూడ అనలే.
తిట్లు పాత్రకు, దండలు నాకు.
గీ పంపకం ఎవరు చేసిన్రు?

యాకయ్యకు ఓపికగ చెప్పిన.
రాసెటోడు వేరు, అనెటోడు వేరు.
సేటు అబద్ధమాడితెనే కథ నిజం చెప్తది.
వాని నోట్లె మాట పెట్టిన గని
వాని పళ్లెంల బువ్వ తినలే.
విన్నడు. తలకాయ ఊపిండు.
బీడి ముట్టిచ్చి, ఏదో యాదికొచ్చినట్టు
పేజీలు ఎనుకకు తిప్పిండు.

ముప్పై ఒకటి.
ఎవ్వరూ గీత గీయని పేజి.
అండ్ల సేటు లేడు, ఓదమ్మ లేదు.
కిటికి ఎనుక ఒక గుమస్తా,
పేరు కూడ వెట్టలేదు నేను వానికి,
ఒక్కసారి వస్తడు, ఒక్కటే మాటంటడు:
"తేమ ఉన్నది. రేపు రా."

విషం లేదు గా మాటల.
సమీక్ష రాసినాయన దాన్ని దాటిపోయిండు
తొవ్వల ఎండిన పుల్లను దాటినట్టు.

యాకయ్య వేలు దాని మీదున్నది.
గోరు సందుల పత్తి పీచు.
"నర్సంపేట దిక్కు రైతు," అన్నడు మెల్లగ,
"ఎడ్లబండి. కుడిదిక్కు ఎద్దు కుంటుతుండె.
ఆ రాత్రి వాన పడ్డది.
తడిసిన బోరాలు తెల్లారి నేనే దించిన.
గా కిటికి ఎనుక
నువ్వు కూసున్నవ్."

అవు.
కోట్ గుర్తులు ఎన్ని పెట్టిన్నో పుస్తకం నిండ,
ఒక్కో జత ఒక్కో గోడ అనుకున్న,
గోడకు అవుతల వాళ్లు, ఇవుతల నేను.
గా ఒక్క జాగల గోడ కట్టినట్టే కట్టి
కిటికి ఇడిసిపెట్టిన.
గందుకేనేమో వానికి పేరు దొరకలే.

సేటు మాట నాది కాదు. ఇప్పటికీ అంటున్న,
ఎవలు నమస్తే పెట్టకపోయినా అంటున్న.
ఓదమ్మ మాట నాది కాదు.
గిది శాలువ పాతవడ్డంక అంటున్న.

"మరి గిది?" అని యాకయ్య అడగలే.
మొద్దువారిన ఎర్రపెన్సిలు
నా దిక్కు జరిపిండు, అంతే.

మిర్చి ఘాటుకు కండ్లు మండుతున్నయని
చెప్పుకునే వీలుండె ఆడ.
యార్డుకు మనసుల దండం వెట్టుకుంట
గీత గీసిన.